కివిలహ్తిలో ఆయన చెట్టు

“తలుపు దగ్గరగా వేసి ఉంచవే, తాళంచెవి తీసుకెళ్ళట్లేదు” అన్నారాయన. “ఆయ్, ఉంచుతాలెండి. ఆ గసగసాల రొట్టి మాత్రం తేకండి, పళ్ళ సందున ఇరుక్కుంటంది” అన్నాను నేను.

యాభై ఏళ్ళకి ఒక్క ఏడాది తక్కువైన కాపురంలో మేమిద్దరం ఆఖరున అనుకున్న మాటలు ఇవే. వీటికంటే మంచివి ఎన్నో అనుకున్నాం, చెడ్డవీ అనుకున్నాం, కాని చివరికి మిగిలినవి తలుపూ గసగసాలూ. ఆయన రొట్టెల దుకాణం దాకా వెళ్ళి, కొనవలసినవి కొని, తిరిగి వస్తూ మా వీధి మలుపులో సైకిళ్ళు ఆనించే కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయారట. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఆ సమయంలో నేను చల్లారిన పాలు రెండోసారి వెచ్చబెడుతూ, ఈయన దారిలో ఎవరితో కబుర్లేసుకున్నారో అని విసుక్కుంటున్నాను. ఆస్పత్రివాళ్ళు బట్టలతో పాటు రొట్టెల కాగితం సంచీ కూడా నా చేతికిచ్చారు. అందులో గసగసాలవి లేవు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు. ఇక్కడ జర్మనీలో, ఎర్లాంగెన్‌లో మాస్టర్స్ చదువుతూ నా దగ్గరే ఉంటోంది. నేను రెండో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషిని. నా మాటలు పుస్తకం భాషలో సర్ది పెడతానంది, పెట్టుకోమన్నాను. సంగతి మాత్రం ఒక్కటి కూడా తీసెయ్యొద్దని మాట తీసుకున్నాను. నా ఈడువాళ్ళు చదివితే చాలు. తోడు పోయాక ఇల్లు ఎలా చప్పుడు చేస్తుందో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇల్లు చప్పుడు చేస్తోంది. రోజూ పొద్దున్న ఏడున్నరకి, ఆయన రొట్టెలు పట్టుకొచ్చే వేళకి, నడవాలో కాగితం సంచీ గలగలమంటుంది. ఒక దగ్గు వినిపిస్తుంది. వేడి రొట్టె వాసన వంటింటి గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. లోపలికి మాత్రం రారు. నడవాలో చెప్పులు విడిచే చోట నిలబడి, ఏదో మర్చిపోయిన మనిషిలా అటూ ఇటూ చూసుకుంటున్నట్టు ఉంటుంది నాకు. ఇక్కడి తలుపులు బయటినుంచి తాళంచెవి లేకపోతే తెరుచుకోవని మీకు తెలుసు కదా, అందుకని మొదటి రెండు నెలలూ తలుపు సందులో చెక్కముక్క పెట్టి ఉంచాను. వేడి అంతా మెట్లమీదికి పోతోందని, మా బిల్డింగు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ కాగితం అంటించాడు, తర్వాత మనిషే వచ్చాడు, చివరికి మా పిల్ల ఆ చెక్కముక్క తీసి దాచేసింది. “అమ్మమ్మా, పొద్దున్న హీటింగ్ ఆన్ అవుతుంది కదా, ఆ పైపుల సౌండ్ అది” అంటుంది. “పైపులకి దగ్గు కూడా వత్తదేంటే?” అంటాను. నవ్వదు. ఈమధ్య అదీ ఆ వేళకి గదిలోంచి బయటికి రావడం లేదు, నేను గమనించలేదనుకుంటోంది.

ఆయన అస్థికల్ని మా మరిది గోదావరికి తీసుకుపోయాడు. నా మోకాళ్ళు విమానం ఎక్కనివ్వలేదు. అందువల్ల ఈ దేశంలో ఆయన పోయారని చెప్పే రాయి ఒక్కటి కూడా లేదు. అలా ఉండగా, పోయిన వారం ఫిన్లాండు నుంచి ఉత్తరం వచ్చింది. కివిలహ్తి అనే ఊళ్ళో మేము అద్దెకున్న ఇంటావిడ కూతురు రాసింది. మేమున్నప్పుడు ఆ పిల్లకి పదేళ్ళు, ఇప్పుడు తనూ అమ్మమ్మే. ఆయన పోయిన కబురు ఆలస్యంగా తెలిసిందట. తల్లి ఎప్పుడో పోయింది, ఆ ఇంటినీ నీటి ఒడ్డు స్థలాన్నీ ఈ నడివేసవి పండగ కాగానే అమ్మేస్తున్నారట. స్థలంలో మీ ఆయన చెట్టు ఇంకా ఉంది, మా పాత పద్ధతిలో ఆయన పేరిట దాని మీద గుర్తు చెక్కించమంటారా, స్థలం చెయ్యి మారితే మళ్ళీ కుదరదు అని అడిగింది. చెక్కించమనాలా వద్దనాలా అన్నది నేను చెప్పాలి. మా పిల్ల ఈ ఉత్తరం చదివి వినిపించినప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఆ ఊరు ఎలా ఉంటుందో, ఆ చెట్టు ఏమిటో మొదటినుంచీ చెప్పాలి.

కివి అంటే వాళ్ళ భాషలో రాయి, లహ్తి అంటే నీళ్ళు నేలలోకి చొచ్చుకొచ్చిన మూల. ఊరు నిజంగా అలాగే ఉండేది. రెండు సరస్సుల మధ్య సన్నటి ఇసుక గట్టు, గట్టు మీద పైన్ చెట్లు, చెట్ల మధ్య ఒకటే పెద్ద వీధి. పై సరస్సు కొంచెం ఎత్తున, కింద సరస్సు కొంచెం పల్లాన ఉండేవి. ఆ రెంటి నడుమ నీళ్ళు రాళ్ళమీదుగా విరుచుకుపడే చోట కాగితం మిల్లు. కింద సరస్సు ఎంత పెద్దదంటే మా ధవళేశ్వరం దగ్గర గోదావరిని తెచ్చి పోసినా ఒక మూలకి సరిపోదు. కాని గోదావరిలా కదిలే నీరు కాదు, నల్లగా, అద్దంలా, మనల్నే చూస్తున్నట్టు ఉండేది. దాన్నిండా దీవులు. ఎదురుగా ఒక దీవి మీద చర్చీ, దాని వెనక శ్మశానం. ఊళ్ళో పైపై ఇసుక తీస్తే కిందంతా రాయే కాబట్టి గొయ్యి తవ్వడానికి మట్టి ఆ దీవిలోనే దొరికేదట. వేసవిలో శవాన్ని పడవలో తీసుకెళ్ళేవాళ్ళు, చలికాలంలో గడ్డకట్టిన నీటి మీద గుర్రపు బండికి చక్రాలు తీసేసి లాక్కుపోయేవాళ్ళు. నీరు సగం గడ్డకట్టి, సగం కట్టని ఆ కొన్ని వారాలు మాత్రం పడవా నడవదు, కాలూ నిలవదు. అప్పుడు పోయినవాళ్ళు కొట్టంలో పడుకుని దారి కుదిరేదాకా ఎదురు చూసేవాళ్ళు.

ఆ ఊరి కథలన్నీ మా ఇంటావిడ చెప్పినవే, ఏ ఏడు ఏం జరిగిందో నన్నడక్కండి. వాళ్ళింటి వెనక అడవిలో, నీటికి చాలా దూరంగా, మనిషెత్తు బండకి ఒక ఇనప కడియం దిగేసి ఉండేది. ఇదేమిటి, ఏనుగుని కట్టేవాళ్ళా అని నేను నవ్వాను. పడవలు కట్టేదట. పూర్వం సరస్సు అక్కడిదాకా ఉండేదట. తాతల కాలంలో రైతులు గడ్డి నేల కోసం కాలవ తవ్వి నీళ్ళు కాస్త దించుదామనుకున్నారు. ఇసుక గట్టు తెగి మూడు రోజులపాటు సరస్సు పరుగెత్తిపోయింది. నేల బయటపడింది, ఎన్నడూ ఎండ చూడని బురద, మునిగిన పడవలు, ఎవరివో ఎముకలు కూడా. నేను కాయగూరలు పండించిన పెరడంతా ఒకప్పుడు సరస్సు అడుగే. తవ్వితే నత్తగుల్లలు వచ్చేవి. పైన్ చెట్లనుంచి తారు కాచి పీపాల్లో పంపే రోజుల్లో ఊరు ఒకసారి కాలిపోయింది, చెక్క ఇళ్ళు కదా, చర్చీ ఒక్కటే నీళ్ళ మధ్య ఉండబట్టి మిగిలింది. తర్వాత మిల్లు వచ్చింది, యుద్ధం వచ్చింది, యుద్ధంలో రష్యా సరిహద్దు జరిగిపోయి అవతల చిక్కిన ఊళ్ళవాళ్ళు ఆవుల్ని తోలుకుంటూ ఇటు వచ్చారు. మా ఇంటావిడ అలా వచ్చినావిడే. అప్పటికి తనకి పదకొండేళ్ళు.

మేము అక్కడికి ఎలా చేరామంటే, ఆయన రాజమండ్రి కాగితం మిల్లులో ఫిట్టరు. జర్మనీ నుంచి కొత్త మిషను బిగించడానికి వచ్చిన ఇంజనీర్లకి ఆయన చేతిపని నచ్చి ఇక్కడికి పిలిపించుకున్నారు. పెళ్ళయిన ఏడాదికి నేను వచ్చాను. వచ్చిన ఆరు నెలలకే కివిలహ్తిలో మిషను బిగించే పని పడింది, రెండేళ్ళు అన్నారు, ఇద్దరం వెళ్ళాం. నాకు ఫిన్నిషు ఒక్క ముక్క రాదు, జర్మను నాలుగు ముక్కలు వచ్చు. ఇంటావిడకి బడిలో నేర్చుకున్న జర్మను కొంచెం ఉండేది. ఆ నాలుగు ముక్కలకీ చేతి సైగలు కలిపి రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. రై అనే ధాన్యం పిండితో పల్చటి దొప్ప చేసి, అందులో పాలతో ఉడికించిన అన్నం పెట్టి కాల్చేది. వాళ్ళ పోయిన ఊరి వంట. రొట్టెలో అన్నం చూసి ఆ రోజు నేను ఏడ్చేశాను. నేను వాళ్ళ సరస్సు చిన్నచేపల్ని పసుపూ కారం పట్టించి వేయించి పెడితే ఆవిడ ఏడ్చింది, అది మాత్రం కారం వల్ల.

మిల్లులో చలికోట్లన్నీ నల్లవి, టోపీలన్నీ నల్లవి. ఆయన సామాను తెచ్చుకునేటప్పుడు పొరపాటు రాకుండా తన పేరులోని రెండు ఇంగ్లీషక్షరాలు అన్నిటి మీదా కుట్టించారు, నాకు గుర్తు పట్టడం నేర్పించారు. ఒకటి నిచ్చెన మెట్టులా ఉంటుంది, ఒకటి పాములా మెలికలు తిరిగి ఉంటుంది. అప్పటికి ఈ భూమ్మీద నేను చదవగలిగిన ఇంగ్లీషు ఆ రెండు అక్షరాలే.

ఆకులు రాలే కాలంలో ఒక మధ్యాహ్నం ఇంటావిడ నన్ను ఎర్రపళ్ళు ఏరడానికి నీటిలోకి పొడుచుకొచ్చిన కొమ్ము దాకా తీసుకెళ్ళింది. దీవికి పడవలు బయల్దేరే పాత రేవు అది, ఆ ఒడ్డు వాళ్ళ స్థలంలోదే. అక్కడి ముసలి పైన్ చెట్లకి మధ్యలో కొమ్మలు నరికేసి ఉన్నాయి, మానుకి ఒక పక్క బెరడు చెక్కి శిలువ, అక్షరాలు, అంకెలు. ఏమిటని అడిగాను. ఆవిడ రెండు చేతులూ చెంప కింద పెట్టి కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి, దీవి వైపునుంచి నడిచి వస్తున్నట్టు నడిచింది. చెట్టు దగ్గర ఆగి, గుర్తు చూసి, ఓహో అన్నట్టు తలాడించి, మెల్లగా వెనక్కి తిరిగింది. చచ్చిపోయినవాళ్ళకి తాము చచ్చిపోయినట్టు తెలియదట, ఇంటికి బయల్దేరతారట, చెట్టు మీద తమ గుర్తు చూసుకుని అప్పుడు తెలుసుకుంటారట. మన వైపు పోయినవాళ్ళకి విస్తరి వేసి, వచ్చి తినమని గంటలకొద్దీ ఆకాశం వైపు చూస్తాం. వీళ్ళేమిటి, దారిలో నిలబెట్టి వెనక్కి పంపుతారు అనుకున్నాను.

మీ వాళ్ళవి ఏవి అని సైగ చేస్తే, ఆవిడ తూర్పు వైపు చెయ్యి చూపింది. “అవతల. అమ్మ, అమ్మమ్మ. మా అమ్మది నేనే చెక్కాను, మా నాన్న చెయ్యి పట్టుకుని. రావద్దని చెక్కాను” అంది. “ఇప్పుడు నేనే పోలేను” అంది.

ఇది జరిగిన పది రోజులకి ఆయన మిల్లు వాళ్ళతో మొదటిసారి సరస్సు మీద వల వెయ్యడానికి వెళ్ళారు. మొహమంతా వెలిగిపోతూ, నోట్లో లవంగం నములుతూ ఇంటికొచ్చారు. తాగనని వాళ్ళమ్మ చేతిలో చెయ్యి వేసి దేశం దాటిన మనిషి. లవంగం ఎందుకో నాకు తెలియకపోలేదు, అడగలేదు. మర్నాడు చితుకుల కోసం రేవు వైపు వెళ్ళాను. కొత్తగా కొమ్మలు నరికిన ఒక పడుచు పైన్ చెట్టు కనిపించింది. మాను మీద తెల్లగా చెక్కిన చోట, ఇంకా జిగురు కారుతూ, నిచ్చెన మెట్టూ పామూ.

ఎంత దూరం పరిగెత్తానో, చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మిల్లు గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన బల్ల మీద కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తున్నారు. “ఏంటే, ఇలా వచ్చేశావ్? జోళ్ళేవి?” అన్నారు. నేను ఆయన చెయ్యి గిల్లి చూశాను. “అబ్బ, ఏంటే ఇది” అన్నారు. “ఉప్పు సరిపోయిందో లేదో అడుగుదామని” అన్నాను. పక్కనున్న నలుగురూ నవ్వారు. వంకాయ కూరలో ఉప్పు గురించి వట్టి కాళ్ళతో రెండు మైళ్ళు పరిగెత్తిన పెళ్ళాం ఉందని ఆయన తర్వాత ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకునేవారు.

మనిషి బతికే ఉన్నాడు, గుర్తు మాత్రం వేసేశారు. అయితే ఇది చేతబడి అనుకున్నాను. ఎక్కడినుంచో వచ్చిన నల్లవాడికి పెద్ద పని ఇచ్చారని ఎవడో కడుపుమంటతో చేశాడనుకున్నాను. ఇంటికెళ్ళి కూరగాయల కత్తి తెచ్చి ఆ రెండు అక్షరాలూ చెక్క లోతుకి గీకేశాను. చాల్లేదనిపించింది. మాది రాజమండ్రి పక్కన కడియం. పుట్టినప్పటినుంచీ మొక్కల మధ్యే పెరిగాను, మా నాన్న నర్సరీలో అంట్లు కట్టేవాడు. గాలి అంటు కట్టాలంటే కొమ్మకి చుట్టూ ఉంగరంలా బెరడు తీస్తారు, అదే ఉంగరం మానుకి తీస్తే చెట్టు నిలువునా చస్తుందని నాకు అయిదేళ్ళ వయసులోనే తెలుసు. తెలిసే తీశాను. చెట్టు చస్తే దాంతోపాటు ఆ చేతబడీ చస్తుందని మొలతాడులా చుట్టూ బెరడు వొలుచుకుంటూ పోయాను. ఒకచోట ముడి అడ్డొచ్చి కత్తి దిగలేదు, బొటనవేలంత మేర మిగిలిపోయింది, చీకటి పడుతోందని వదిలేశాను. అయిదు గంటలకే చీకటి పడే రోజులు.

ఆ సాయంత్రం ఆయన నా చేతులు చూసి, “ఏంటే ఆ జిగురు?” అన్నారు. “చితుకులేరాను” అన్నాను. ఆయన ఇంకో మాట అడగలేదు. ఆయన దగ్గర లవంగం వాసన, నా దగ్గర పైన్ జిగురు వాసన, ఇద్దరం ఆ పూట బుద్ధిగా అన్నం తిని లేచాం.

ఆ వారంలోనే ఇంటావిడ ఆ చెట్టు చూసి, ఎవరో పాపిష్ఠివాళ్ళు నరికారని నా దగ్గరే మొత్తుకుంది. అప్పుడు చెప్పింది, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా రెండేసి సార్లు. చెట్టు గుర్తులు రెండు రకాలట. ఒకటి పోయినవాళ్ళది. రెండోది మొదటిసారి ఆ నీటి మీదికి వచ్చిన కొత్తవాళ్ళది. కొత్తవాడు అందరికీ మందు పోయించాలి, వాళ్ళు అతని పేరిట చెట్టు కొమ్మలు దిద్ది అక్షరాలు చెక్కుతారు, ఆ రోజునుంచీ అతను ఊరివాడు. నల్లవాడికి కడుపుమంటతో కాదు, ప్రేమకొద్దీ చెక్కారు. “ఇంక ఆ చెట్టూ ఆ మనిషీ ఒకటే. చెట్టు పచ్చగా ఉన్నన్నాళ్ళు మనిషి బాగుంటాడు, చెట్టు ఎండితే” అని, నా మొహం చూసి అక్కడికి ఆపేసింది.

నా చేతులతో నేను ఆయన నడుం చుట్టూ కోసేశాను. అలా అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. ఆవిడ ఆవు పేడ అడిగి తీసుకున్నాను, పెరటి బంకమట్టి కలిపాను, ఆ గాయం చుట్టూ మెత్తి, మా పుట్టింటివాళ్ళు పెట్టిన నీలం చీర చింపి దాని మీద పట్టీలా చుట్టాను. నాలుగు రోజులకల్లా ఊరంతా తెలిసింది. ఆయన అన్నం తింటూ, “మిల్లులో ఓ వార్త చెప్పుకుంటన్నారు. రేవులో చెట్టుకెవరో చీర కట్టారంట” అన్నారు. “చలేసిందేమో దానికి” అన్నాను. “జరీ అంచంట. మీ నాన్న పెట్టినట్టాంటిది.” “ఈ దేశంలో నీలం చీర నాకొక్కదానికే ఉందేంటండీ?” అన్నాను. ఆ మాటకి ఆయన మజ్జిగ పొలమారేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీదే ఇద్దరం ఆ సంగతి మూసేశాం. తాగిన సంగతి ఆయన చెప్పాలి, కోసిన సంగతి నేను చెప్పాలి. ఇద్దరం చెప్పలేదు.

వసంతంలో మంచు కరగగానే పట్టీ విప్పి చూశాను. ఒక పక్క ఆకులు ఎర్రబారాయి. పశువులు బెరడు తినేసిన మామిడికి మా నాన్న చేసే వైద్యం ఒకటుంది. అదే చెట్టు లేతపుల్లలు కోసి, రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, గాయానికి కింద బెరడులో ఒక కొస, పై బెరడులో ఒక కొస దూర్చి, వంతెనల్లా కడతాడు, రసం ఆ పుల్లల మీదుగా పైకెక్కుతుంది. మామిడికి పట్టేది, పైన్ చెట్టుకి పడుతుందో లేదో అడగడానికి నాన్న లేడు. అయిదు పుల్లలు కట్టాను. పట్టాయో లేదో తేలకముందే మిషను పని అనుకున్నదానికంటే ముందే అయిపోయింది, మేము జర్మనీ వచ్చేశాం. బస్సు గట్టు మీదుగా పోతుంటే వెనక్కి తిరిగి చూశాను. చెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఆ తర్వాత నేను బతికిన బతుకు మీకెలా చెప్పను. ఆయనకి జ్వరం వస్తే చెట్టు గుర్తొచ్చేది. నడుం నొప్పి అంటే నా గుండె ఆగిపోయేది, సరిగ్గా అక్కడే కదా కోశాను. పిల్లలు లేకపోవడం కూడా దానివల్లేనేమో అని కొన్నేళ్ళు అనుకున్నాను. ఆయన్ని ఒకసారి ఆపరేషను టేబుల్ మీదికి తీసుకెళ్ళినప్పుడు అందరూ దేవుడికి మొక్కుతుంటే నేను ఆ అయిదు పుల్లలకి మొక్కుకున్నాను. చెట్టు ఉందో పోయిందో కనుక్కోమని ఆయన్ని ఒక్కసారి అడిగితే తేలిపోయేది. అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని అడగలేదు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో ఆ అమ్మాయి ఏం రాసిందంటే, వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన ప్రతి ఏడూ క్రిస్మసుకి ఆవిడకి కార్డు రాసేవారట. ఆ సంగతి నాకు తెలుసు, శుభాకాంక్షలనుకునేదాన్ని. ప్రతి కార్డులోనూ చివర ఒకే ప్రశ్న ఉండేదట, మా ఆవిడ చెట్టు ఎలా ఉంది అని. ప్రతి ఏడూ వాళ్ళమ్మ పచ్చగా ఉంది అని జవాబు రాసేదట. నన్ను నవ్వుల పాలు చెయ్యడం ఇష్టంలేక ఊరుకున్నారో, తన మాట తప్పిన సంగతి బయటపడుతుందని ఊరుకున్నారో, ఆయనకే తెలియాలి. ఆ పచ్చగా ఉందన్న ముక్క ఒక్కసారి నాతో అని ఉంటే నలభై ఏళ్ళు నిద్రపోయేదాన్ని. అనలేదని కోపం తెచ్చుకోబోయాను. నేను మాత్రం అన్నానా? ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. చెట్టు నడుం దగ్గర మచ్చ ఉందట, దాని మీదుగా వేళ్ళంత లావున మూడు కాడలు పైకి ఎక్కి ఉన్నాయట, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు ఉంటుందని వాళ్ళ మనవలు దాన్ని పట్టుకుని ఆడుకుంటారట. అయిదింటిలో మూడు పట్టాయన్నమాట.

సంతోషించాలి. కాని నాకు వేరే భయం పట్టుకుంది. చెట్టూ మనిషీ ఒకటే అన్నారు కదా. చెట్టు పచ్చగా నిలబడి ఉంది, మనిషి పోయారు. నేను కట్టిన ఆ వంతెనల వల్లే, ఆయనకి తాను పోయినట్టు ఇంకా తెలియలేదేమో. దారిలో పోయారు, ఇంట్లో కాదు. చివరి ఊపిరికి పక్కన మనవాళ్ళెవరూ లేరు, పేరు పెట్టి ఎవరూ ఏడవలేదు. నేను ఆస్పత్రిలో కూడా ఏడవలేదు, సంచీ పట్టుకుని నిలబడ్డాను. అందుకే రోజూ రొట్టెలు పట్టుకుని వస్తున్నారు, నడవాలో నిలబడి తనకేమయిందో తెలియక చూస్తున్నారు. మొదట్లో ఆ రాక నాకు ఊరటగా ఉండేది. ఇప్పుడు ఆ దగ్గులో అలుపు వినిపిస్తోంది. గుర్తు చెక్కిస్తే ఆయన చూసుకుని తెలుసుకుంటారు, ఇంక రారు. చెక్కించకపోతే ఆయన వస్తూనే ఉంటారు, నేను వింటూనే ఉంటాను, నేనూ పోయాక ఈ మెట్లెక్కి ఎవరింటికొస్తారు? ఈ ఫ్లాటులో ఇంకెవరో ఉంటారు. రావద్దని చెక్కాను, ఇప్పుడు నేనే పోలేను అన్న మా ఇంటావిడ మాట ఒక చెవిలో, ఈయన దగ్గు ఒక చెవిలో. ఈ వారం రోజులూ నా పని ఇదే.

ఆ ఊరు కూడా ఇప్పుడు ఆ ఊరు కాదట. ఆయన బోల్టు బోల్టూ బిగించిన మిషనుని విప్పి ఏ దేశానికో అమ్మేశారు, మిల్లు మూసేశారు. దుంగలు తేలే సరస్సులో ఇప్పుడు సెలవలకొచ్చినవాళ్ళ పడవలు తిరుగుతున్నాయి. దీవికి వంతెన పడింది, శవాన్ని కారులో రెండు నిమిషాల్లో తీసుకెళ్తారు, రేవు వైపు ఎవరూ పోరు, పోయినవాళ్ళ కోసం చెట్టు దిద్దే చెయ్యి ఊళ్ళో ఒక్కటే మిగిలిందట, ఆ ముసలాయనకీ ఎనభై దాటాయట. ఇక్కడ మాత్రం ఏముంది? మేము ఈ వీధికి వచ్చినప్పుడు ఎవరింట్లో మనిషి పోయినా కింది అంతస్తువాళ్ళు నల్లబట్టలు కట్టుకుని తలుపు తట్టేవాళ్ళు, చెయ్యి పట్టుకునేవాళ్ళు. ఈయన పోతే డబ్బాలో కార్డులు పడ్డాయి. పోయారన్న మాట గట్టిగా, మొహం మీద, ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. ఫోనులో మా మరిది కూడా ‘అన్నయ్య విషయం’ అంటాడు. నేనూ అంతే. ఇంతసేపటినుంచీ చెబుతున్నాను, ఆయన చచ్చిపోయారు అన్న మాట నా నోటితో ఒక్కసారి అన్నానేమో చూడమ్మా. పోయారు, పోయారు అంటున్నాను. పోయినవాళ్ళు తిరిగి వస్తారు మరి.

ఆ ఫిన్లాండు అమ్మాయికి చెక్కించమని రాయి. ఆయన అక్షరాలు అక్కడే, నేను గీకేసిన చోటే, మచ్చకి పైన చెక్కించమను. కొమ్మలు మాత్రం ఇంకేవీ కొట్టొద్దని రాయి, దానికి పడ్డ కోతలు చాలు. కాని ఆ ముసలాయన కత్తి పట్టుకునేలోగా ఇక్కడ ఒక పని జరగాలి. ఇంటి సంగతి బయటివాళ్ళ వల్ల తెలిస్తే ఈయనకి మహా కోపం, రెండేసి రోజులు మాట్లాడేవారు కాదు. ఈ సంగతి ఇంట్లోనే తెలియాలి. లవంగం సంగతి నాకు తెలుసని, కోసింది నేనేనని, మూడు పుల్లలు పట్టాయని, ఆయన చచ్చిపోయారని, నేను చెప్పాలి. చెప్పాను, నువ్వు రాశావు. నా గొంతుతో ఇంకోసారి చెప్పే ఓపిక లేదు. ఏడున్నర కావస్తోంది. ఏదమ్మా, ఆ కాగితాలు తీసుకుని ఇలా నడవాలోకి వచ్చి కూర్చో. మొదటినుంచీ చదువు, కొంచెం పెద్దగా. ఆయనకి కుడి చెవి సరిగ్గా వినపడదు.